ఆ ఈతకొలను ఎక్కడికి పోయింది? మాంట్‌గోమరీ పెద్దల జ్ఞాపకాల్లో రెండు ఊళ్ళు

అమెరికాలోని అలబామా రాష్ట్ర రాజధాని మాంట్‌గోమరీలో నేను కాంట్రాక్టు మీద పనిచేసే ఆఫీసులో కాఫీ మిషన్ పక్కన గోడకి ఆ రాష్ట్ర ప్రభుత్వ సెలవుల జాబితా అంటించి ఉంటుంది. జనవరి మూడో సోమవారానికి ఎదురుగా రెండు పేర్లుంటాయి: మార్టిన్ లూథర్ కింగ్ జయంతి, రాబర్ట్ ఇ. లీ జయంతి. ఒకే రోజు, ఒకే సెలవు. ఒకరేమో నల్లవాళ్ళ హక్కుల కోసం పోరాడి 1968లో తూటాకి బలైన పాస్టరు. ఇంకొకరు బానిసత్వాన్ని కాపాడుకోవడానికి దేశం నుంచి విడిపోయిన రాష్ట్రాల తరఫున సైన్యాన్ని నడిపిన జనరల్. కొత్తగా చేరిన మన కుర్రాడొకడు అది చూసి "అన్నా, ఇది ప్రింటింగ్ మిస్టేకా?" అని అడిగాడు. మిస్టేకేం కాదు, కింద ఇంకా చదవమన్నాను. ఏప్రిల్‌లో కాన్ఫెడరేట్ (అంటే ఆ విడిపోయిన రాష్ట్రాల) సైనికుల స్మృతి దినం, జూన్‌లో కాన్ఫెడరసీ అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్ జయంతి. అవీ సెలవులే.

ఈ ఊళ్ళో పుట్టి పెరిగిన పెద్దవాళ్ళ మాటలు వింటుంటే ఆ జాబితా చదువుతున్నట్టే ఉంటుంది. మా పక్కింటాయన తెల్లాయన, 78 ఏళ్ళు. "మా చిన్నప్పుడు ఇక్కడ గొడవల్లేవు, అందరం కలిసే ఉండేవాళ్ళం, బయటినుంచి వచ్చినవాళ్ళే రెచ్చగొట్టారు" అంటాడు. మా ఆఫీసులో చేసి రిటైరైన నల్లావిడకి 75. ఆవిడ ఈ మాట వింటే నవ్వుతుంది, గట్టిగా కాదు, మన అత్తయ్యలు ఎవరి గురించో తెలిసి కూడా చెప్పకుండా నవ్వినట్టు. ఇద్దరిదీ ఒకే ఊరు, ఇళ్ళ మధ్య దూరం మూడు మైళ్ళు కూడా ఉండదు. నాకు తెలిసినంతలో ఇద్దరూ అబద్ధం చెప్పే రకం కాదు. మరి చెప్పే ఊళ్ళు ఇంత వేరుగా ఎందుకున్నాయో నాకు అర్థం కావడానికి కొన్నేళ్ళు పట్టింది.

ముందు మాటల అర్థాలు: సౌత్, సెగ్రిగేషన్, జిమ్ క్రో

అమెరికాలో 'సౌత్' అంటే మ్యాపులో కింద ఉన్న రాష్ట్రాలన్నీ కాదు. కాలిఫోర్నియా కూడా కిందే ఉంది, దాన్ని ఎవరూ సౌత్ అనరు. 1860–61లో దేశం నుంచి విడిపోయి 'కాన్ఫెడరసీ' కట్టుకున్న 11 రాష్ట్రాలే ఆ మాటకి అసలు అర్థం. దాని మొదటి రాజధాని మాంట్‌గోమరీ, 1861 ఫిబ్రవరిలో. తర్వాత రిచ్‌మండ్‌కి మార్చారు. 1865లో అంతర్యుద్ధంలో ఓడిపోయారు, బానిసత్వం రద్దయింది.

రద్దయ్యాక ఏమైంది అన్నదే అసలు కథ. కొన్నేళ్ళు నల్లవాళ్ళు ఓట్లేశారు, చట్టసభలకి ఎన్నికయ్యారు. ఆ తర్వాత ఒక్కో రాష్ట్రం ఒక్కో చట్టంతో ఓటు లాగేసుకుని, స్కూలు, రైలు, ఆసుపత్రి, శ్మశానం అన్నీ విడదీసింది. ఈ విడదీయడమే సెగ్రిగేషన్. ఆ చట్టాలన్నిటికీ కలిపి పడ్డ పేరు 'జిమ్ క్రో'. అది మనిషి పేరు కాదు, ముఖానికి మసి పూసుకుని నల్లవాళ్ళని వెక్కిరించే ఒక పాత నాటక పాత్ర పేరు. 1896లో ప్లెసీ కేసులో సుప్రీంకోర్టు "విడిగా ఉన్నా సమానంగా ఉంటే తప్పులేదు" అనేసింది. విడిగా అన్న ముక్క పక్కాగా అమలైంది, సమానం అన్నది కాగితం మీదే ఉండిపోయింది. స్కూళ్ళ విషయంలో 1954లో బ్రౌన్ కేసు దాన్ని కొట్టేసింది. హోటళ్ళు, సినిమాహాళ్ళ లాంటివి 1964 చట్టం దాకా, ఓటు 1965 చట్టం దాకా ఆగాయి.

అంటే మా పక్కింటాయన పుట్టిన 1947లోనూ, పెద్దావిడ పుట్టిన 1950లోనూ ఈ చట్టాలు పూర్తి బలంతో ఉన్నాయి. వాళ్ళవి తాతల కాలం ముచ్చట్లు కావు, సొంత బాల్యం.

బస్సులో 36 సీట్ల లెక్క

రోసా పార్క్స్ పేరు మన పాఠాల్లో కూడా విన్నాం. ఆవిడ తెల్లవాళ్ళ సీట్లో కూర్చుంది, లేవమంటే లేవలేదు అని మనలో చాలామంది అనుకుంటారు. అది సరి కాదు, ఎందుకు కాదో చూస్తే ఆ ఏర్పాటు ఎలా పనిచేసేదో తెలుస్తుంది.

మాంట్‌గోమరీ సిటీ బస్సులో 36 సీట్లు. ముందు పది తెల్లవాళ్ళకి, ఖాళీగా ఉన్నా సరే నల్లవాళ్ళు కూర్చోకూడదు. వెనక పది నల్లవాళ్ళకి. మధ్యలో 16 ఎవరివన్నది డ్రైవరు ఇష్టం. ముందు సీట్లు నిండి ఒక్క తెల్ల ప్రయాణికుడు నిలబడ్డాడనుకోండి, మధ్యలో మొదటి వరసలోని నలుగురు నల్లవాళ్ళూ లేవాలి. ఒక్కరు లేస్తే సరిపోదా? సరిపోదు, ఎందుకంటే ఒకే వరసలో తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ కూర్చోవడమే కుదరదు. 1955 డిసెంబరు 1న పార్క్స్ కూర్చున్నది ఆ మధ్య వరసలోనే. ముగ్గురు లేచారు, ఆవిడ లేవలేదు. చాలామంది డ్రైవర్లది ఇంకో పద్ధతి: ముందు తలుపు దగ్గర డబ్బులిచ్చి, కిందకి దిగి, వెనక తలుపు దాకా నడిచి ఎక్కాలి. ఈలోపు బస్సు కదిలిపోయిన సందర్భాలూ ఉన్నాయి.

381 రోజులు నల్లవాళ్ళు బస్సెక్కలేదు. మొదట్లో వాళ్ళు అడిగింది చాలా తక్కువ. మర్యాదగా మాట్లాడండి, ముందొచ్చిన వాళ్ళకి ముందు సీటివ్వండి (తెల్లవాళ్ళు ముందునుంచి, మేం వెనకనుంచి నిండుతాం), నల్లవాళ్ళు ఎక్కువగా తిరిగే రూట్లలో నల్ల డ్రైవర్లని పెట్టండి. అంతే. అదీ కుదరదన్నారు. చివరికి విభజనే రాజ్యాంగ విరుద్ధమని కోర్టు చెప్పింది పార్క్స్ కేసులో కాదు, నలుగురు ఆడవాళ్ళు వేసిన వేరే దావాలో. అందులో ఒకమ్మాయి క్లాడెట్ కాల్విన్. పార్క్స్ కంటే తొమ్మిది నెలల ముందే, 15 ఏళ్ళ వయసులో, లేవనని అరెస్టయింది. ఆ దావాలో ప్రతివాది ఊరి మేయరు డబ్ల్యూ. ఎ. గేల్. ఈ పేరు గుర్తుంచుకోండి.

మా పక్కింటాయన కూడా చిన్నప్పుడు ఆ బస్సుల్లో తిరిగాడు. ఆయనకి గుర్తున్నది ఏమిటంటే, ఎప్పుడెక్కినా సీటు దొరికేది. అబద్ధం కాదు కదా.

ఓక్ పార్క్‌లో కొలను: ఆయనకి మూసేశారు, ఆవిడకి ఎప్పుడూ లేదు

బస్సు కంటే నాకు ఈ కొలను కథే ఎక్కువ విషయం చెప్పింది. మా అబ్బాయిని శనివారాలు ఈత క్లాసుకి తీసుకెళ్తుంటే పక్కింటాయన చూసి, మేం ఓక్ పార్క్‌లో నేర్చుకున్నాం అంటూ ఆల్బమ్ తెచ్చాడు. 1957 ఎండాకాలం, నలుపు తెలుపు ఫొటో. పదేళ్ళ పిల్లాడు నీళ్ళలోంచి రెండు చేతులూ పైకెత్తి నవ్వుతున్నాడు. వెనకాల జనం. అప్పట్లో పార్కులో జూ కూడా ఉండేదట, దాని గురించి పది నిమిషాలు చెప్పాడు. "తర్వాత మూసేశారు. డబ్బుల్లేవో ఏమో" అన్నాడు.

మూసేయడం వెనక సంగతులు కోర్టు కాగితాల్లో తేదీలతో సహా ఉన్నాయి. ఊళ్ళో నల్లవాళ్ళ పార్కులు వేరు, తెల్లవాళ్ళవి వేరు. 1957లో దాన్ని శిక్షతో కూడిన నేరంగా రాసిపెట్టారు, ఒకరి పార్కులో ఇంకొకరు అడుగుపెడితే కేసు. 1958 డిసెంబరులో కొందరు నల్లవాళ్ళు దావా వేశారు. అందులో జార్జియా గిల్మోర్ ఒకరు. బస్సు ఉద్యమంలో వేయించిన చికెనూ కేకులూ అమ్మి డబ్బు కూడబెట్టిన మహాతల్లి ఈవిడే, ఆ ఆడవాళ్ళ గుంపుకి 'ఎక్కడిదీ కాని క్లబ్బు' అని పేరు పెట్టుకున్నారు, డబ్బెక్కడిది అని అడిగితే ఎక్కడిదీ కాదు అని చెప్పడానికి. దావా పడగానే ఊరి పెద్దలకి అర్థమైంది, ఓడిపోతామని. 1959 జనవరి 1 నుంచి పార్కులన్నీ మూసేశారు. నల్లవాళ్ళవీ, తెల్లవాళ్ళవీ, అన్నీ. జంతువుల్ని వదిలించుకున్నారు. ఓక్ పార్క్ కొలనులో మట్టి పోసి పూడ్చేశారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. కలిసి ఈదాల్సి వస్తుందని తమ సొంత పిల్లల కొలను కూడా పూడ్చుకున్నారు. పార్కులు మళ్ళీ తెరిచింది 1965లో, అప్పుడూ కొలను లేదు.

మరి తెల్ల పిల్లలు ఆ ఆరేళ్ళూ ఈత మానేశారా? మానలేదు. 1958లోనే ఊరికీ స్థానిక వై.ఎం.సి.ఎ.కీ మధ్య గుట్టుగా ఒక ఒప్పందం జరిగింది, పిల్లల ఆటల కార్యక్రమాలు వాళ్ళు చూసుకునేట్టు. అది ప్రైవేటు సంస్థ కాబట్టి ఎవర్ని చేర్చుకోవాలో వాళ్ళిష్టం. 1969లో ఇద్దరు నల్ల పిల్లల్ని వేసవి శిబిరానికి రానివ్వకపోతే కేసు పడింది, ఆ కేసులో ఈ ఒప్పందం బయటికొచ్చింది, ఇది పేరుకే ప్రైవేటు అని జడ్జి తేల్చేశాడు. ఒక పనిని ప్రభుత్వం చేతిలోంచి ప్రైవేటు చేతిలో పెడితే సెగ్రిగేషన్ చట్టం లేకుండానే సాగిపోతుంది. సౌత్ అంతటా ఆ రోజుల్లో పుట్టుకొచ్చిన ప్రైవేటు స్కూళ్ళ కథా చాలావరకు ఇదే.

ఇప్పుడు ఇద్దరి జ్ఞాపకాలూ పక్కపక్కన పెట్టండి. పదకొండేళ్ళ తెల్ల పిల్లాడికి ఒక కొలను పోయింది, ఇంకొకటి దొరికింది. ఎందుకు పోయిందో ఇంట్లో ఎవరూ చెప్పలేదు. ఎనిమిదేళ్ళ నల్ల పిల్లకి మొదట్నుంచీ ఆ కొలను లేదు, పైగా వాళ్ళ పార్కు కూడా పోయింది, ఎందుకు పోయిందో ఇంట్లో అందరూ చెప్పారు. పెద్దావిడకి ఇప్పటికీ ఈత రాదు. "నా మనవరాలికి వచ్చులే" అంటుంది.

అదే ఓక్ పార్క్‌లో 1968లో ప్లానెటేరియం కట్టారు. పేరు ఎవరిది పెట్టారో చెప్పుకోండి. మేయరు గేల్ గారిదే.

చట్టంలో లేని నియమాలు: పేరు, పిలుపు

అయితే "కలిసే ఉండేవాళ్ళం" అన్న మాట ఎక్కడినుంచి వచ్చింది? చట్టం విడదీసింది బస్సునీ కొలనునీ. వంటింటిని విడదీయలేదు. ఇంట్లో వండేది, పిల్లల్ని ఎత్తుకునేది, జ్వరమొస్తే రాత్రంతా కూర్చునేది నల్ల మనిషే. అందుకే ఆ తరం తెల్లవాళ్ళలో చాలామందికి ఒక నల్ల స్త్రీ మీద నిజమైన ప్రేమ ఉంటుంది. పక్కింటాయన కళ్ళలో నేను చూశాను కాబట్టి దాన్ని నాటకం అనను. ఆ ఫొటోలోనే, కంచె అవతల ఓక్ చెట్టు నీడలో, తెల్ల యూనిఫాంలో ఒకావిడ తువ్వాలు పట్టుకుని నిలబడి ఉంది. తెల్లవాళ్ళ పిల్లాణ్ణి వెంటబెట్టుకుని పనిమనిషిగా వస్తే అభ్యంతరం లేదు. తన పిల్లల చెయ్యి పట్టుకుని వస్తే నేరం.

ఈ దగ్గరితనానికి రాయని నియమాలు చాలా ఉండేవి. అన్నిటికంటే ముఖ్యమైనది పిలుపు. నల్లవాళ్ళు ఎంత పెద్దవాళ్ళైనా తెల్ల పిల్లలు కూడా పేరు పెట్టే పిలిచేవాళ్ళు, మిస్టర్, మిసెస్ అని ఉండేది కాదు. ఎదుటివైపు మాత్రం పదేళ్ళ పిల్లాణ్ణయినా 'మిస్టర్' చేర్చి పిలవాలి. 1963లో ఇదే రాష్ట్రంలో గాడ్స్‌డెన్ కోర్టులో మేరీ హామిల్టన్ అనే ఆవిడ, లాయరు తనని ఒట్టి 'మేరీ' అంటే జవాబివ్వనంది. ఐదు రోజులు జైలు, 50 డాలర్ల జరిమానా వేశారు. 1964లో సుప్రీంకోర్టు ఆ శిక్ష కొట్టేసింది. పిలుపు గురించి దేశపు పై కోర్టు దాకా వెళ్ళాలా అని ఇక్కడి కుర్రాళ్ళకి వింతగా ఉంటుంది. నువ్వు, మీరు, ఏమే, ఒరేయ్‌ల మధ్య పెరిగిన మనకి అంత వింతేం కాదు.

నల్లపేట జ్ఞాపకాల్లోనూ తీపి ఉంది

ఇక్కడ చాలా వ్యాసాలు తప్పుదారి పడతాయి. తెల్లవాళ్ళవి తీపి జ్ఞాపకాలు, నల్లవాళ్ళవి చేదు జ్ఞాపకాలు అని రెండు డబ్బాల్లో పెట్టేస్తారు. పెద్దావిడ తన బాల్యం గురించి మొదలుపెడితే ముందొచ్చేది చర్చి భోజనాలు, తమ వీధిలో తమవాళ్ళవే అయిన దుకాణాలు, తప్పు చేస్తే అమ్మకంటే ముందు ఇంటికొచ్చే టీచరు. సెంటెనియల్ హిల్ అనే పేటలో నల్ల డాక్టర్లు, లాయర్లు, అలబామా స్టేట్ కాలేజీ ప్రొఫెసర్లు ఉండేవాళ్ళు. తర్వాత హైవేలు వచ్చాయి. అప్పటి రాష్ట్ర హైవేల అధికారి శామ్ ఎంగిల్‌హార్ట్ అంతకుముందు సెగ్రిగేషన్ కోసమే పుట్టిన సిటిజన్స్ కౌన్సిల్ నాయకుడు. రోడ్డు ఎవరి ఇళ్ళ మీదుగా పోయిందో వేరే చెప్పక్కర్లేదు. స్కూళ్ళు కలిపినప్పుడు కూడా సౌత్‌లో చాలాచోట్ల మూతబడింది నల్ల స్కూళ్ళే, ఉద్యోగాలు పోయింది నల్ల టీచర్లకే. అందుకని ఆవిడ "మా స్కూలు బాగుండేది" అంటే సెగ్రిగేషన్ బాగుండేదని కాదు. ఈ తేడా పట్టుకోకుండా ఆ మాటని "చూశారా, వాళ్ళే అంటున్నారు" అని వాడుకునేవాళ్ళు ఉన్నారు.

అటువైపు తెల్లవాళ్ళందరూ కళ్ళు మూసుకున్నారనీ కాదు. జూలియెట్ మోర్గన్ అనే లైబ్రేరియన్ బస్సు బహిష్కరణ మొదలైన కొద్ది రోజులకే ఊరి పత్రికకి ఉత్తరం రాసింది, ఇది చూస్తుంటే గాంధీ ఉప్పు సత్యాగ్రహం గుర్తొస్తోందని. తర్వాత ఏడాదిన్నర పాటు వేధింపులు, బెదిరింపు ఫోన్లు, ఇంటి మీద రాళ్ళు. 1957లో ప్రాణం తీసుకుంది. ఇప్పుడు ఊరి ప్రధాన లైబ్రరీ ఆవిడ పేరు మీదే ఉంది. "అప్పుడు అందరూ అలాగే ఉండేవాళ్ళు" అనేవాళ్ళకి ఆవిడ పేరు అడ్డం వస్తుంది. అలాగే, మిగతావాళ్ళు ఎందుకు నోరెత్తలేదో కూడా ఆవిడ కథే చెబుతుంది.

పేర్లు మార్చాలా వద్దా: ఇప్పటి తగువు

2017లో అలబామా ఒక చట్టం చేసింది, 40 ఏళ్ళు దాటిన స్మారకాల్ని, వీధిపేర్లని స్థానిక ప్రభుత్వాలు మార్చకూడదని. మార్చితే 25,000 డాలర్ల జరిమానా. 2021లో మాంట్‌గోమరీ, జెఫ్ డేవిస్ అవెన్యూ పేరు తీసేసి ఫ్రెడ్ గ్రే అవెన్యూ అని పెట్టింది. గ్రే అంటే బస్సు కేసు వాదించిన లాయరు, ఆ వీధిలోనే పెరిగినవాడు. జరిమానా కట్టండని రాష్ట్రం నోటీసిచ్చింది.

మార్చొద్దనేవాళ్ళ వాదన వినాలి. మా ముత్తాత ఆ యుద్ధంలో చనిపోయాడు, ఆయనకి ఒక్క బానిస కూడా లేడు, మేం తలుచుకునేది ఆయన్ని, బానిసత్వాన్ని కాదు అంటారు. కొందరి విషయంలో అది నిజమే. పేరు తీసేస్తే చరిత్రే పోతుందని ఇంకొందరి భయం. మార్చాలనేవాళ్ళు అడిగేది, ఆ పేర్లు ఎప్పుడు పెట్టారో చూడండి అని. ఊళ్ళోని రాబర్ట్ ఇ. లీ హైస్కూల్‌కి ఆ పేరు పెట్టింది 1950ల్లో, యుద్ధం ముగిసి 90 ఏళ్ళయ్యాక, సరిగ్గా బ్రౌన్ కేసు కాలంలో. నాకు ఈ రెండో వాదనే బలంగా కనిపిస్తుంది. ఆ స్కూలుకి ఇప్పుడు ఈ ఊళ్ళోనే పుట్టిన నల్లజాతి రసాయన శాస్త్రవేత్త పెర్సీ జూలియన్ పేరు పెట్టారు. 2018లో ఊరి గుట్ట మీద లించింగ్‌లో, అంటే విచారణ లేకుండా గుంపు చేతిలో, చనిపోయిన 4,400 మందికి పైగా నల్లవాళ్ళ కోసం స్మారకం తెరిచారు, ఒక్కో కౌంటీకి ఒక్కో ఇనుప దిమ్మె, పైకప్పు నుంచి వేలాడుతూ. పక్కింటాయన ఇంకా వెళ్ళలేదు. పెద్దావిడ ఒకసారి వెళ్ళింది, రెండోసారి వెళ్ళనంది.

మనం ఎక్కడ కూర్చున్నాం

మన సంగతి కూడా చెప్పాలి. 1923లో భగత్ సింగ్ తిండ్ కేసులో భారతీయులు తెల్లవాళ్ళు కారని సుప్రీంకోర్టు చెప్పి పౌరసత్వం ఇవ్వనంది. మన డాక్టర్లూ ఇంజనీర్లూ రావడానికి తలుపు తెరిచింది 1965 వలస చట్టం, ఓటు హక్కు చట్టం వచ్చిన రెండు నెలలకి, అదే ఉద్యమపు గాలిలో. మాంట్‌గోమరీలో పాస్టరుగా ఉండగానే 1959లో కింగ్ మన దేశం వచ్చాడు. కేరళలో ఒక స్కూల్ హెడ్మాస్టరు తనని "అమెరికా నుంచి వచ్చిన తోటి అస్పృశ్యుడు" అని పిల్లలకి పరిచయం చేశాడనీ, మొదట చివుక్కుమన్నా తర్వాత అవును, నిజమే అనుకున్నాననీ 1965లో ఒక ప్రసంగంలో చెప్పాడు.

నేనైతే ఇక్కడికొచ్చి చేసిన మొదటి పని, 'మంచి స్కూల్ డిస్ట్రిక్ట్' చూసి ఊరికి తూర్పు అంచున ఇల్లు కొనడం. ఆ రేటింగులు ఎలా వచ్చాయో, నగరంలో సుమారు 60 శాతం నల్లవాళ్ళుంటే మా వీధిలో ఎందుకు లేరో అప్పుడు అడగలేదు.

పోయిన నెల పక్కింటాయనని ఆ ఫొటోలోని తువ్వాలావిడ ఎవరని అడిగాను. పేరు ఠక్కున చెప్పాడు, తనని ఎలా పెంచిందో చెప్పాడు. ఇంటిపేరు అడిగితే ఆగిపోయాడు. ఫొటో వెనక్కి తిప్పాడు, వాళ్ళమ్మ పిల్లలందరి పేర్లూ రాసింది, ఆవిడది లేదు. అట్లాంటాలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేశాడు, ఆవిడకీ తెలీదు.

ఇంటికొచ్చాక నాకూ ఒకటి తోచింది. మా తెనాలి పక్క ఊళ్ళో, మా ఇంట్లో ముప్ఫయ్యేళ్ళు పాలేరుగా చేసిన ఆయన నన్ను భుజాన మోసుకుని తిప్పేవాడు, నేను ఆయన్ని పేరు పెట్టి, 'రా' అని పిలిచేవాణ్ణి. అమ్మకి ఫోన్ చేసి ఆయన ఇంటిపేరేంటని అడిగాను.

"ఇంటిపేరా? ఏమోరా..." అంది. కాసేపు ఆలోచించింది. "మాలపల్లెలో ఎవర్నన్నా అడగాలి. ఇప్పుడెందుకురా నీకు?"